ఆటిజం: కొలబద్ద కోసం అన్వేషణ

జ్వరం వచ్చిన పిల్లవాని నాలుక క్రింద ఉష్ణమాపకం ఉంచి, కొంతసేపటికి తీసి చూస్తే జ్వరం ఎంత ఉన్నదో తెలుస్తుంది. చూచినది వైద్యుడైనా తల్లి అయినా అంకె ఒక్కటే. మందు వేసిన తరువాత మరల చూస్తే జ్వరం దిగినదో లేదో కూడా ఆ అంకే చెబుతుంది. రక్తహీనతను హీమోగ్లోబిన్ పరిమాణాన్ని బట్టి, మధుమేహాన్ని రక్తంలోని చక్కెరను బట్టి ఈ విధంగానే కొలుస్తున్నారు.

కాని ఒక పిల్లవాడు తోటివారితో ఎంతవరకు కలిసి మెలగగలుగుతున్నాడు? ఎదుటివారి ముఖం చూచి వారి మనస్సును ఎంతవరకు గ్రహించగలుగుతున్నాడు? నిరుటికంటె ఈ ఏడు ఈ విషయంలో ఎంత ముందుకు వచ్చినాడు? వీటిని కొలవడానికి ఉష్ణమాపకం వంటి సాధనం ఉన్నదా? ఆటిజం అనే స్థితిని పరిశోధించే శాస్త్రజ్ఞులను ఎన్నో ఏళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న ఇది. దీనికి సరియైన సమాధానం దొరకనందువలన ఏ చికిత్స పనిచేస్తున్నదో, ఏది పనిచేయడం లేదో తేల్చడం కష్టమవుతున్నది. సహాయం కావలసిన పిల్లలను గుర్తించడం ఆలస్యమవుతున్నది. కనుక ఇది ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు. ఎన్నో కుటుంబాలకు సంబంధించిన సమస్య.

ఆటిజం అంటే ఏమిటి?

గ్రీకు భాషలో ‘ఆటోస్’ అంటే ‘తాను’ అని అర్థం. తనలో తాను ఉండిపోవడం అనే భావంతో స్విట్జర్లండుకు చెందిన మనోవైద్యుడు బ్లాయ్లర్ 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ పదాన్ని కల్పించినాడు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ సంస్థలో పనిచేస్తున్న లియో కానర్ అనే వైద్యుడు, ఎనిమిది మంది బాలురను, ముగ్గురు బాలికలను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రకటించినాడు. ఈ పిల్లలు మనుష్యుల మధ్య ఉన్నా ఒంటరిగా ఉన్నట్లే కనిపించేవారు. చుట్టూ ఉన్న వస్తువులు, దినచర్య మారకుండా ఉండాలని పట్టుపట్టేవారు. మరుసటి సంవత్సరం వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లలనే వర్ణించినాడు. వారిలో కొందరు చక్కగా మాట్లాడగలవారు కూడా.

నేడు ఆటిజం అనే మాట క్రింద చాలా భిన్నమైన వ్యక్తులు చేరుతున్నారు. ఒక్కమాట కూడా పలకనివారు ఉన్నారు. విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెప్పేవారు ఉన్నారు. ఇంద్రధనుస్సులో ఒక రంగు మరొక రంగులో కలిసిపోయినట్లు ఈ తేడాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటవి. అందువలననే 2013 నుంచి అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో దీనిని ఒక వర్ణపటంగా పరిగణిస్తున్నారు. 2021లో ప్రపంచంలో సుమారు 127 మందికి ఒకరు ఈ స్థితి గలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

1950, 60 దశకాలలో తల్లి ప్రేమగా చూడకపోవడం వలన బిడ్డకు ఆటిజం వస్తుందని కొందరు నమ్మినారు. బిడ్డ స్థితికి దుఃఖించే తల్లులు ఈ నిందను కూడా మోయవలసి వచ్చినది. 1977లో బ్రిటన్‌లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే శాస్త్రజ్ఞులు 21 కవల జంటలను పరిశీలించినారు. 11 సమరూప జంటలలో నాలుగింటిలో కవలలు ఇద్దరికీ ఆటిజం ఉన్నది. 10 అసమరూప జంటలలో ఒక్కదానిలో కూడా అట్లా లేదు. దీనినిబట్టి జన్యువుల పాత్ర ముఖ్యమైనదని స్పష్టమైనది. ఆ తరువాత పెద్ద సంఖ్యలలో పరిశోధనలు జరిగినవి. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఒక్కటే ఆటిజంతో సంబంధం గల 102 జన్యువులను పేర్కొన్నది. తల్లిపై వేసిన నింద ఈ విధంగా తొలగినది. కాని 102 జన్యువులు అన్నప్పుడే మరొక సంగతి కూడా తెలియవచ్చినది: ఒకే దారిన వచ్చే స్థితి కాదు ఇది. కనుక అందరిలోను కనిపించే ఒకే గుర్తు దొరకడం కూడా సులభం కాదు.

సూచిక ఏ గుణాలు కలిగి ఉండాలి?

శరీరంలో జరుగుతున్నదానిని తెలిపే కొలవదగిన గుర్తును జీవసూచిక అంటారు. మంచి జీవసూచిక ఎంత మేలు చేయగలదో ఫినైల్ కీటోనూరియా అనే జన్యువ్యాధి కథ చెబుతుంది. 1934లో నార్వేలో ఫోలింగ్ అనే వైద్యుడు, బుద్ధి వికసించని ఇద్దరు పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడును కలిపినప్పుడు అది ఆకుపచ్చగా మారడం గమనించినాడు. ఆహారంలోని ఫినైల్ ఎలనిన్ అనే పదార్థాన్ని ఈ పిల్లల శరీరం సరిగా మార్చుకోలేకపోతున్నదని తేలినది. తరువాత 1950 దశకంలో ఆ పదార్థాన్ని తగ్గించిన ఆహారం రూపొందినది. 1960 దశకంలో పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో పరీక్ష చేసే పద్ధతి వచ్చినది. గుర్తు దొరికినది, దాని వెంట నివారణ కూడా దొరికినది. ఆటిజంలో కూడా ఇటువంటి గుర్తు దొరుకుతుందని శాస్త్రజ్ఞులు ఆశించడం సహజమే.

అయితే ఏ కొలతకైనా కొన్ని గుణాలు ఉండాలి. ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయులకు ఇవి తెలిసినవే. మొదటిది విశ్వసనీయత: ఈ రోజు, మరునాడు, ఈ ఊరిలో, మరొక ఊరిలో కొలిచినా ఫలితం దాదాపు ఒకటిగా ఉండాలి. రెండవది సప్రమాణత: దేనిని కొలుస్తున్నామని చెబుతున్నామో దానినే అది కొలవాలి. తప్పు గుర్తులున్న త్రాసు ప్రతిసారి ఒకే తూకం చూపవచ్చు. విశ్వసనీయత ఉన్నది గాని సప్రమాణత లేదు. మూడవది మార్పును పట్టుకొనే శక్తి: స్థితి మెరుగైతే అంకె కూడా మారాలి.

ఆటిజం విషయంలో మరొక భేదాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఒక గుంపును మరొక గుంపు నుంచి వేరుచేసే గుర్తు వేరు. ఆ గుంపులోని ఒక్కొక్కరు నిత్యజీవితంలో ఎట్లా మెలగుతున్నారో చెప్పే గుర్తు వేరు. ఈ రెండూ ఒక్కటే అని అనుకొన్నందువలన చాలా పొరపాట్లు జరిగినవి.

రక్తంలో వెదుకులాట

1961లో అమెరికాలో షేన్, ఫ్రీడ్‌మన్ అనే వైద్యులు ఆటిజం గల కొందరు పిల్లల రక్తంలో సెరటోనిన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నదని ప్రకటించినారు. నాడీకణాల మధ్య వార్తలు చేరవేసే రసాయనాలలో సెరటోనిన్ ఒకటి. తరువాత పలు దేశాలలో జరిగిన పరీక్షలు కూడా దీనిని బలపరచినవి. ఆటిజం గలవారిలో నాలుగవ వంతు నుంచి మూడవ వంతు వరకు ఈ హెచ్చు కనిపిస్తున్నది. ఆటిజంలో కనుగొనబడిన మొదటి జీవసూచిక ఇదే అని చెప్పవచ్చు.

కాని దీనితో పని పూర్తి కాలేదు. మిగిలినవారిలో సెరటోనిన్ మామూలుగానే ఉన్నది. పైగా రక్తంలోని సెరటోనిన్ చాలా భాగం ప్రేగులలో తయారై రక్తఫలకికలలో నిలువ ఉంటుంది. మెదడులోని సెరటోనిన్‌కు అది అద్దం పట్టదు. అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ అంకెను చూచి ఏ పిల్లవాడు తోటివారితో ఎట్లా మెలగుతాడో చెప్పడానికి వీలులేదు. గుర్తు నిజమైనదే, కాని మనం అడిగిన ప్రశ్నకు అది సమాధానం కాదు.

కొలబద్ద లేని చోట

సరియైన కొలత లేకపోతే ఏమి జరుగుతుందో 1998, 99 సంవత్సరాలలో జరిగిన ఒక సంఘటన తెలుపుతుంది. సెక్రిటిన్ అనే హార్మోను చిన్నప్రేగు నుంచి ఉత్పత్తి అయి జీర్ణరసాలను ప్రేరేపిస్తుంది. జీర్ణకోశ పరీక్షకోసం దీనిని ఇచ్చిన తరువాత ముగ్గురు ఆటిజం పిల్లలు మెరుగైనట్లు 1998లో ఒక నివేదిక వెలువడినది. వేలకొలది తలిదండ్రులు ఆశతో ఆ మందు కోసం పరుగెత్తినారు. మరుసటి సంవత్సరం 60 మంది పిల్లలతో ఒక పరీక్ష జరిపినారు. కొందరికి సెక్రిటిన్, మరికొందరికి ఉప్పునీరు ఎక్కించినారు. ఎవరికి ఏది ఇచ్చినదీ తలిదండ్రులకు గాని, పరీక్షించేవారికి గాని తెలియదు. ఫలితం ఏమిటి? మందు పుచ్చుకొన్నవారిలో మెరుగుదల కనిపించినది. ఉప్పునీరు పుచ్చుకొన్నవారిలోను అంతే కనిపించినది!

ఇందులో తలిదండ్రులను తప్పుపట్టవలసినది ఏమీ లేదు. బిడ్డ బాగుపడాలన్న ఆశతో చూచే కంటికి చిన్న మార్పు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. పిల్లలు కాలక్రమాన ఎదుగుతారు కూడా. ఆశ వలన కలిగిన మార్పును మందు వలన కలిగిన మార్పు నుంచి వేరుచేయాలంటే ప్రశ్నావళి ఒక్కటే చాలదు. ఆక్సిటోసిన్ అనే హార్మోను విషయంలో కూడా ఇటువంటిదే జరిగినది. చిన్న పరీక్షలలో ఆశ కల్పించిన ఈ మందును, 3 నుంచి 17 ఏళ్ళ వయస్సుగల 290 మంది పిల్లలతో 24 వారాలపాటు పరీక్షించినారు. 2021లో ప్రకటింపబడిన ఫలితాల ప్రకారం, సాంఘిక ప్రవర్తన విషయంలో ఉత్తుత్తి మందుకంటె ఇది ఎక్కువ మేలు చేయలేదు. మందు నిజంగా పనిచేయలేదా? లేక కొందరిలో పనిచేసినా ఆ కొందరిని వేరుచేసి చూపగల సూచిక లేకపోయినదా? కొలబద్ద లేకుండా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేము.

బొమ్మల పరీక్ష

ప్రవర్తనలో గుర్తులు వెదకినవారు కూడా ఉన్నారు. 1985లో లండన్‌లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పిల్లల ముందు రెండు బొమ్మలను ఆడించినారు. శాలీ అనే బొమ్మ తన గోళీని బుట్టలో దాచి బయటకు వెళ్ళుతుంది. ఆన్ అనే బొమ్మ దానిని తీసి పెట్టెలో పెడుతుంది. శాలీ తిరిగి వచ్చి గోళీ కోసం ఎక్కడ వెదుకుతుంది? తనకు తెలిసినది శాలీకి తెలియదని గ్రహించిన పిల్లవాడు ‘బుట్టలో’ అంటాడు. మామూలు పిల్లలు 27 మందిలో 23 మంది, డౌన్ లక్షణసముదాయం గలవారు 14 మందిలో 12 మంది సరిగా చెప్పినారు. ఆటిజం గలవారు 20 మందిలో 16 మంది తప్పు చెప్పినారు.

ఇది అందమైన ప్రయోగం. కాని అప్పుడు కూడా నలుగురు సరిగానే చెప్పినారు. భాష బాగా వచ్చిన ఆటిజం పిల్లలు ఎదిగిన తరువాత ఈ పరీక్షలో నెగ్గుతున్నారని తదుపరి పరిశోధనలలో తెలిసినది. అట్లా నెగ్గినవారికి కూడా ఆటస్థలంలో స్నేహితులు దొరకకపోవచ్చు. తీరికగా ఆలోచించి చెప్పే సమాధానం ఒకటి. నలుగురు ఒక్కసారిగా మాట్లాడుతూ నవ్వుతూ ఉన్నచోట క్షణంలో గ్రహించవలసినది మరొకటి. కనుక శాస్త్రజ్ఞులు మాటలతో పనిలేకుండా, జరుగుతున్న క్షణంలోనే కొలవగల గుర్తుల వైపు దృష్టి మళ్ళించినారు.

చూపు జాడ

కంటిపై హానిచేయని పరారుణ కాంతిని ప్రసరింపజేస్తే, శుక్లపటలంపై ఒక చిన్న మెరుపు ఏర్పడుతుంది. కంటిపాప మధ్యభాగానికీ ఈ మెరుపునకూ గల దూరం, దిశ చూపు మళ్ళినప్పుడల్లా మారుతుంటవి. కెమెరా వీటిని సెకనుకు ఎన్నో సార్లు చిత్రిస్తుంది. ఈ చిత్రాలను లెక్కకట్టి, తెరపై ఏ క్షణంలో చూపు ఎక్కడ నిలిచినదో యంత్రం చెప్పగలదు.

2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆమీ క్లిన్, వారెన్ జోన్స్, వారి సహచరులు ఈ పద్ధతిని ఉపయోగించినారు. బుద్ధికుశలత గల 15 మంది ఆటిజం గల యువకులకు, వారికి సరిపోలే మరి 15 మందికి 1966లో తీసిన ఒక ఆంగ్ల చలనచిత్రం నుంచి కొన్ని దృశ్యాలు చూపించినారు. నలుగురు పాత్రలు తీవ్రంగా వాదులాడుకొనే దృశ్యాలు అవి. మామూలు యువకుల చూపు పాత్రల కళ్ళపై నిలిచినది. ఆటిజం గలవారు కళ్ళవైపు చూచిన కాలం అందులో సగం కూడా లేదు. నోటివైపు, వస్తువులవైపు ఎక్కువగా చూచినారు. ఎవరికి ఆటిజం ఉన్నదో చెప్పడానికి కళ్ళవైపు చూచిన కాలమే అన్నిటికంటె మంచి గుర్తుగా నిలిచినది.

ఇంతవరకు ఆశ్చర్యం లేదు. ఆ తరువాత ఆ 15 మందిలో ఎవరు నిత్యజీవితంలో మెరుగుగా మెలగుతున్నారో చూచినారు. కళ్ళవైపు తక్కువగా చూచినవారే సాంఘికంగా ఎక్కువ కష్టపడుతూ ఉండాలని ఎవరైనా అనుకొంటారు. కాని ఆ రెండింటికీ సహసంబంధం కనిపించలేదు. నోటివైపు ఎక్కువగా చూచినవారు ఇతరులతో మెరుగుగా మెలగుతున్నారు. వస్తువులవైపు ఎక్కువగా చూచినవారే వెనుకబడి ఉన్నారు. నోటివైపు చూచేవారు మాటలనైనా పట్టుకొని, వాటి సహాయంతో జరుగుతున్నదానిని అర్థం చేసుకొంటున్నారు కాబోలునని పరిశోధకులు ఊహించినారు. పరిశీలించిన వ్యక్తులు కొద్దిమందే అయినా ఈ ఫలితం నేర్పే పాఠం పెద్దది. ఆటిజాన్ని గుర్తుపట్టే చిహ్నం ఒకటి, ఆటిజం గల వ్యక్తి ఎంత బాగా మెలగుతున్నాడో చెప్పే చిహ్నం మరొకటి. కళ్ళలోకి చూడమని బలవంతపెట్టడం వలన సాంఘిక సామర్థ్యం పెరుగుతుందని అనుకోవడానికి ఈ ఫలితంలో ఆధారం లేదు.

వయస్సును బట్టి కూడా ఒకే చిహ్నం అర్థం మారవచ్చు. 2013లో జోన్స్, క్లిన్‌లు 110 మంది శిశువులను నెలల వయస్సు నుంచి పరిశీలించి ప్రకటించిన ఫలితాలు దీనికి నిదర్శనం. వారిలో 59 మంది, అన్నకో అక్కకో ఆటిజం ఉన్నందున అవకాశం ఎక్కువగా గలవారు. తరువాత ఆటిజం నిర్ధారణ అయిన 13 మందిలో ఎక్కువమంది బాలురు. వారు రెండవ నెలలో ఇతర శిశువులవలెనే కళ్ళవైపు చూచినారు. కాని రెండు, ఆరు నెలల మధ్య ఆ చూపు క్రమంగా తగ్గుతూ వచ్చినది. వేగంగా తగ్గినవారిలోనే తరువాత ఇబ్బంది ఎక్కువగా కనిపించినది. యువకులలో సాంఘిక సామర్థ్యాన్ని చెప్పలేకపోయిన ఆ చూపే, శిశువులలో భవిష్యత్తును కొంత సూచించినదన్నమాట. అయితే 13 మంది ఆధారంగా లోకమంతటికీ నియమం చేయరాదు.

170 మిల్లీసెకన్లు

మెదడులోని నాడీకణాల పని వలన తలచర్మంపై అతిసూక్ష్మమైన విద్యుత్ మార్పులు కలుగుతవి. తలకు ఎలక్ట్రోడులు గల టోపీ తొడిగి వీటిని నమోదు చేయవచ్చు. పెద్దవారికి ఒక ముఖచిత్రం చూపినప్పుడు, సుమారు 170 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో ఆరవ వంతుకు, తల వెనుక ప్రక్కభాగాలలో ఒక ఋణ తరంగం కనిపిస్తుంది. దీనికి ఎన్-170 అని పేరు. పిల్లలలో ఇది ఇంకా కొంత ఆలస్యంగా వస్తుంది. ఆటిజం గలవారిలో ముఖాలను చూచినప్పుడు ఈ తరంగం ఆలస్యమవుతున్నదని, సామానుల బొమ్మలు చూచినప్పుడు అటువంటి ఆలస్యం లేదని 2004లో మక్‌పార్ట్‌లండ్, అతని సహచరులు చూపినారు.

ఒక ప్రయోగశాలలో కనిపించినది మరొకచోట కనిపిస్తుందా? ఈ సంగతి తేల్చడానికి 2015లో అమెరికాలో ఐదు సంస్థలు ఒక సమాఖ్యగా ఏర్పడి, 6 నుంచి 11 ఏళ్ళ వయస్సుగల 280 మంది ఆటిజం పిల్లలను, 119 మంది మామూలు పిల్లలను పరిశీలించినవి. ప్రతిచోట ఒకే రకపు పరికరాలు, ఒకే బొమ్మలు, ఒకే నియమాలు. ప్రతి పిల్లవానిని మొదట ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి, 24 వారాలకు మరొకసారి పరీక్షించినారు. మొదట చెప్పిన విశ్వసనీయతను పరీక్షించే పద్ధతి ఇదే. ఎన్-170 ఆలస్యం, ముఖాలవైపు చూచే కాలం అనే రెండు కొలతలు ఈ పరీక్షలో ముందుకు వచ్చినవి. 2019లో అమెరికా ఆహార, ఔషధ పాలనసంస్థ ఎన్-170ను తన జీవసూచికల పరిశీలన కార్యక్రమంలోనికి స్వీకరించినది. మనోవైద్యరంగం నుంచి ఇట్లా స్వీకరింపబడిన మొదటి సూచిక ఇదే. స్వీకరించడమంటే ఆమోదించడం కాదు. పరీక్షకు అర్హమైనదని ఒప్పుకోవడం మాత్రమే.

ఇక్కడ కూడా సగటును, వ్యక్తిని వేరుగా చూడాలి. ఒక తరగతి పిల్లల సగటు ఎత్తు మరొక తరగతివారికంటె ఎక్కువ కావచ్చు. అంతమాత్రాన ఎత్తును చూచి ఏ పిల్లవాడు ఏ తరగతివాడో చెప్పలేము. ఎన్-170 కూడా అంతే. రెండు గుంపుల అంకెలు చాలావరకు కలిసిపోయి ఉన్నవి. కనుక దీనితో ఆటిజాన్ని నిర్ధారించరు. ఆటిజం గలవారిలోనే తరంగం ఆలస్యంగా వచ్చేవారిని ఒక ఉపవర్గంగా వేరుచేసి, మందుల పరీక్షలలో ఉపయోగించుకోవాలని ఉద్దేశం.

యంత్రం కూడా మోసపోవచ్చు. అయస్కాంత అనునాదం ద్వారా మెదడును చిత్రించే పరీక్షలలో, ఆటిజం గలవారి మెదడులో దూరంగా ఉన్న భాగాల మధ్య సంబంధం బలహీనంగా ఉన్నదని చాలామంది ప్రకటించినారు. 2012లో ఒక చిక్కు బయటపడినది. పరీక్ష జరిగేటప్పుడు తల మిల్లీమీటరులో కొద్దిభాగం కదిలినా, దూరపు సంబంధాలు బలహీనంగా, దగ్గరి సంబంధాలు బలంగా ఉన్నట్లు చిత్రంలో తప్పుగా కనిపిస్తుంది. కదలకుండా పడుకోవడం చిన్నపిల్లలకు కష్టం. ఆటిజం గల పిల్లలకు మరీ కష్టం. మెదడులోని తేడా అనుకొన్నదానిలో కొంత తల కదలిక వలన కలిగినదేమో! అప్పటినుంచి పరిశోధకులు కదలికను లెక్కించి తీసివేసే పద్ధతులను అనుసరిస్తున్నారు.

ఒక చిన్న లెక్క

2023లో ప్రకటింపబడిన మరొక పరిశోధనలో, అమెరికాలోని ఆరు ప్రత్యేక వైద్యశాలలలో 16 నుంచి 30 నెలల వయస్సుగల 475 మంది పిల్లల చూపును కొలిచినారు. నిపుణుల నిర్ధారణతో పోల్చినప్పుడు, ఆటిజం గలవారిలో 71 శాతాన్ని ఈ పరీక్ష పట్టుకొన్నది. లేనివారిలో 80.7 శాతాన్ని లేనివారుగానే చెప్పినది. పైగా ఆ కొలతలకు, నిపుణులు అంచనా వేసిన సాంఘిక ఇబ్బందికి సహసంబంధం కనిపించినది. నోరులేని పసివాని విషయంలో ఇది గొప్ప ముందడుగే.

అయితే ఇదే పరీక్షను ఊరిలోని పిల్లలందరికీ చేస్తే ఏమవుతుంది? విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చు. 1000 మంది పిల్లలలో ఎనిమిది మందికి ఆటిజం ఉన్నదనుకొందాము. వారిలో 71 శాతం, అంటే సుమారు ఆరుగురు బయటపడతారు, ఇద్దరు తప్పించుకొంటారు. మిగిలిన 992 మందిలో 19.3 శాతం, అంటే సుమారు 191 మందిని పరీక్ష పొరపాటున ఆటిజం గలవారిగా చెబుతుంది. మొత్తం 197 మందికి ‘ఉన్నది’ అన్న జవాబు వస్తే, అందులో నిజమైనది ఆరుగురి విషయంలోనే! పరీక్ష చెడ్డది కాదు. ప్రత్యేక వైద్యశాలకు వచ్చే పిల్లలలో దాదాపు సగం మందికి ఆటిజం ఉన్నది. అక్కడ అది బాగా ఉపకరిస్తుంది. అదే పరీక్షను వేరొకచోట వాడితే విలువ మారిపోతుంది. సూచిక విలువ సూచికలోనే ఉండదు. దానిని ఎవరిపై, ఎందుకు ఉపయోగిస్తున్నామన్న దానిలో కూడా ఉంటుంది.

జీవితంలోని కొలత

ఈ యంత్రాలన్నీ చివరకు దేనితో పోల్చి సరిచూచుకొంటున్నవి? మనుష్యుడు మనుష్యుని పరిశీలించి వేసిన అంచనాతోనే. 1935లో అమెరికాలోని వైన్‌లండ్ అనే ఊరిలో ఎడ్గర్ డాల్ సాంఘిక పరిపక్వతను కొలిచే మాపనిని రూపొందించినాడు. తనంతట తాను అన్నం తినగలడా? బజారుకు వెళ్ళి రాగలడా? ఆటలో తన వంతు వచ్చేవరకు ఆగగలడా? ఇటువంటి ప్రశ్నలతో అది నిత్యజీవితాన్ని కొలుస్తుంది. దాని భారతీయ రూపం మన దేశంలో విస్తృతంగా వాడుకలో ఉన్నది.

ఆటిజం కోసమే ప్రత్యేకంగా ఒక భారతీయ మాపని సికింద్రాబాదులో రూపొందినది. 1984లో అక్కడ ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేటి జాతీయ బౌద్ధిక దివ్యాంగుల సాధికారత సంస్థ, దీనిని తయారుచేయగా 2009లో ఇది విడుదలైనది. ఇందులో 40 అంశాలు ఉన్నవి. ఒక్కొక్క అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొదటి విభాగమే సాంఘిక సంబంధాలకు చెందినది. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు స్వల్పమని, 107 నుంచి 153 వరకు మధ్యస్థమని, ఆపైన తీవ్రమని పరిగణిస్తారు. 2016 నుంచి వైకల్య ధ్రువపత్రాల కోసం ఈ మాపనిని ప్రభుత్వం గుర్తించినది. ఇక్కడ కొలత అంటే పరిశోధనా విషయం కాదు. ఒక కుటుంబానికి అందే సహాయం ఆ అంకెపై ఆధారపడి ఉన్నది.

సొంత మాపని ఎందుకు? పెద్దవారి ఎదుట తల వంచుకొని నిలబడడం మర్యాద అని మన ఇండ్లలో నేర్పుతారు. పాశ్చాత్య దేశంలో తయారైన ప్రశ్నావళి దానిని లోపంగా లెక్కించవచ్చు. ఆడపిల్లల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వారిలో కొందరు తోటివారిని అనుకరించి తమ ఇబ్బందిని దాచుకొంటారు. అందువలన ఆలస్యంగా గుర్తింపబడుతున్నారు. దాచుకోవడానికి వారు పడే శ్రమ ఏ మార్కులలోను కనిపించదు.

ఇంకొక మౌలికమైన ప్రశ్న కూడా ఉన్నది. స్నేహానికి ఇద్దరు కావాలి. 2017లో సాసన్, అతని సహచరులు ఆటిజం గలవారు మాట్లాడుతున్న కొద్ది సెకన్ల దృశ్యాలను ఇతరులకు చూపినారు. చూచినవారు వెంటనే వారిపై తక్కువ అభిప్రాయం ఏర్పరచుకొన్నారు. వారితో కలిసి కూర్చోవడానికి వెనుకాడినారు. కాని అవే మాటలను కాగితంపై వ్రాసి ఇచ్చినప్పుడు ఆ తేడా మాయమైనది. చెప్పిన మాటలలో లోపం లేదు. చూచేవారి తీర్పు మాత్రం మారినది. అంటే సాంఘిక సామర్థ్యం అనేది ఒక్కరి మెదడులో మాత్రమే ఉన్న వస్తువు కాదు. ఎదుటివారి ఓర్పు, ఆదరణ కూడా అందులో భాగమే. ఒక్కరి తలకు టోపీ తొడిగి కొలిచినది ఎంత ఖచ్చితమైనదైనా సగం కథ మాత్రమే చెబుతుంది.

ఉపాధ్యాయులకు ఉపయోగం

ఇంతవరకు ఏ రక్తపరీక్ష గాని, ఏ మెదడుచిత్రం గాని ఒంటరిగా ఆటిజాన్ని నిర్ధారించలేదు. నిపుణుల పరిశీలన, తలిదండ్రులు చెప్పే వివరాలు, నేటికీ ఇవే ఆధారం. జీవసూచికలు వాటిని తొలగించడానికి కాక, వాటికి తోడుగా నిలువడానికి రూపొందుతున్నవి. వేరువేరు కారణాల వలన ఆటిజం కలిగినవారిని వేరువేరు వర్గాలుగా విడదీసి, ఎవరికి ఏ సహాయం తగినదో చెప్పగలగడమే వాటి లక్ష్యం. ఒకే సూచిక కాక, చూపు, మెదడు తరంగం, నిత్యజీవితపు మాపని కలిసి చెప్పేదానిని నమ్మవలసి ఉంటుందని ఇప్పటికే స్పష్టమైనది.

తరగతిగదిలో యంత్రాలు లేవు. కాని ఏడాది పొడుగునా పిల్లలను చూచే అవకాశం ఉపాధ్యాయునికి ఉన్నది. పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడా, విరామంలో ఎక్కడ ఉంటున్నాడు, దినచర్య మారితే ఎట్లా ప్రవర్తిస్తున్నాడు, ఒక్క స్నేహితుడైనా ఉన్నాడా అన్నవాటిని తేదీలతో వ్రాసి ఉంచితే నిపుణునికి అవి విలువైన సమాచారం అవుతవి. గమనించడం ఉపాధ్యాయుని పని. నిర్ధారించడం నిపుణుని పని. కళ్ళలోకి చూడని పిల్లవాడు పాఠం వినడం లేదని అనుకోరాదు. కొందరికి ముఖం వైపు చూస్తూ మాట వినడం రెండు పనులు ఒకేసారి చేయడం వంటిది. పాఠం విన్నాడో లేదో తెలుసుకోవడానికి చూపును కొలవనక్కరలేదు. ఒక ప్రశ్న వేసి, సమాధానం చెప్పడానికి వానికి కావలసిన వ్యవధి ఇస్తే చాలు.